ఈవన్ పోయి ఈథర్నెట్ ఎందుకొచ్చింది: ఖాళీ బెర్తుల లెక్క

మా టెలికాం ఫీల్డులో "లూప్ ఇవ్వండి" అనేది నమస్కారం లాంటి మాట. లింకు డౌన్ అని టికెట్ రాగానే అవతల సైట్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి మొట్టమొదట అడిగేది అదే. ఆయన తీగలన్నీ వచ్చి చేరే ఫ్రేమ్ దగ్గర నిలబడి పంపే తీగనీ అందుకునే తీగనీ కలిపేస్తాడు, ఇక్కణ్ణుంచి మనం పంపింది మనకే తిరిగొస్తే అక్కడిదాకా దారి బాగున్నట్టు, రాకపోతే మధ్యలో ఎక్కడో తెగినట్టు. ఇంతే. ఇరవై ఏళ్ళ కింద నేను ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నేర్చుకున్న మొదటి పాఠం ఇది, నేర్పింది మేమంతా గురువుగారు అని పిలిచే ఒక పెద్దాయన, టెలిఫోన్ ఎక్స్చేంజీల్లో ముప్పై ఏళ్ళు చేసి మా దగ్గరికి వచ్చినాయన.

ఆయనే ఒకరోజు ఒక కస్టమర్ నెట్‌వర్క్ మొత్తాన్ని పడుకోబెట్టారు. అప్పటికి ఈవన్ అనే పాత టెలిఫోను లైన్ల బదులు, ఆఫీసుల్లో కంప్యూటర్లని కలిపే ఈథర్నెట్ పద్ధతిలో కొత్తగా లింకులు ఇవ్వడం మొదలెట్టాం. 40 బ్రాంచీలున్న కస్టమర్, అన్ని బ్రాంచీలూ ఒకే స్విచ్చుకి తగిలించినట్టు ఉండే సర్వీసు. ఒక బ్రాంచి డౌన్ అన్నారు, నేను నాక్‌లో, అంటే లింకులన్నిటినీ కనిపెట్టే గదిలో, కూర్చుని "గురువుగారూ కొంచెం చూడండి" అన్నా, ఆయన అలవాటుకొద్దీ రెండు ఫైబర్ కొసల్నీ కలిపి మా వైపు తిప్పేశారు. రెండు నిమిషాల్లో నా స్క్రీన్ మీద మిగతా 39 బ్రాంచీలూ దీపావళి లైట్లలా ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. ఏమైందంటే, స్విచ్ అనేది ఎవరి ఫ్రేము, అంటే డేటా పొట్లం, ఏ పోర్టులోంచి వచ్చిందో చూసి "ఓహో ఈయన ఇటు ఉంటాడు" అని రాసుకుంటుంది. లూప్ పెట్టిన పోర్టులోంచి అందరి బ్రాడ్‌కాస్టులూ (అందరికీ అందేలా పంపే ఫ్రేములు) తిరిగి లోపలికి వస్తున్నాయి కదా, దాంతో హెడ్డాఫీసుతో సహా అందరూ ఆ పోర్టు వైపే ఉంటారని స్విచ్ నమ్మేసింది, హెడ్డాఫీసుకి పోవాల్సిన ట్రాఫిక్ అంతా ఆ లూప్ వైపు పోయి అక్కడే సమాధి అయింది.

లూప్ తీయించాక ఆయన ఫోన్లో అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "ఏంటి బాబూ, లూప్ ఇస్తే చచ్చిపోయే లింకేంటి? దీన్నెవడు పెట్టమన్నాడు?"

నేను అప్పుడు "చవక కదండీ" అన్నా. అందరూ చెప్పేది అదే, ఏ ట్రైనింగులో అడిగినా అదే, టెలికాం కంపెనీలు ఈథర్నెట్‌కి ఎందుకు మారాయి అంటే చవక కాబట్టి. ఇన్నేళ్ళ తర్వాత ఆ జవాబు సగమే నిజం అనిపిస్తోంది, ఆ మిగతా సగం గురించే ఈ పోస్టు.

చవక అన్నదాన్ని కొట్టిపారేయట్లేదు. లాప్‌టాప్‌లో, ప్రింటర్‌లో, సీసీ కెమెరాలో, ఆఫీసు స్విచ్చులో, డేటాసెంటర్లో ఒకటే జాతి చిప్పులు, ప్రపంచమంతా లక్షల కొద్దీ తయారయ్యే వస్తువుకీ టెలికాం వాళ్ళు మాత్రమే కొనే వస్తువుకీ రేటులో ఏం పోలిక ఉంటుంది. కానీ టెలికాం కంపెనీ కొనేది షాపులో దొరికే స్విచ్ కాదండీ. మైనస్ 48 వోల్టుల డీసీ పవర్, అదీ రెండు ఫీడ్లు, తీసి పెట్టుకునే ఫ్యాన్ ట్రేలు, రెండు కంట్రోల్ కార్డులు, దానికి లైసెన్సు, దానికి ఏటేటా సపోర్టు కాంట్రాక్టు. పైగా ఈథర్నెట్లో మొదట లేనివన్నీ, క్లాకు, రింగ్ ప్రొటెక్షను, అలారాలు, ఒక్కొక్కటే బయట్నుంచి తెచ్చి అతికించాల్సి వచ్చింది. అవన్నీ కలిపాక చవక చాలావరకు కరిగిపోతుంది. అయినా మారారు. ఎందుకు?

ముందు ఈవన్ ఏంటో చెప్పాలి, కొత్త పిల్లలు చాలామంది చూసి కూడా ఉండరు. సెకనుకి 2.048 మెగాబిట్ల లైను, మన దేశంలో లీజ్డ్ లైను అంటే చాలా ఏళ్ళు ఇదే, లేదా ఇందులోంచి కోసిచ్చిన 64 కిలోబిట్ల ముక్క. టెలిఫోను కాల్స్ కోసం పుట్టింది. ఒక కాల్‌కి 64 కిలోబిట్లు, అలాంటి గదులు 32, ఒకటి ఫ్రేమింగుకి, ఇంకొకటి మామూలుగా సిగ్నలింగుకి, మిగతా 30 మనుషుల మాటలకి. ప్రతీ 125 మైక్రోసెకన్లకి ఒకసారి 32 బైట్ల బండి బయల్దేరుతుంది, అంటే సెకనుకి 8000 బండ్లు. అందులో ఎవరన్నా ఎక్కారా లేదా అన్నది దానికి అనవసరం. బ్యాంకు బ్రాంచి షట్టర్ దించేసి, వాచ్‌మన్ కూడా పడుకున్న రాత్రి రెండు గంటలప్పుడు కూడా ఆ బండి సెకనుకి 8000 సార్లు ఖాళీగా పోతూనే ఉంటుంది.

అసలు విషయం ఇక్కడుంది. విజయవాడ నుంచి సికింద్రాబాదుకి మీరు బెర్తు రిజర్వు చేయించుకుని ఎక్కలేదనుకోండి, రైల్లో అయితే టీటీఈ కాసేపు చూసి చార్టులో గీత గీసి ఆ బెర్తు ఆర్ఏసీ వాళ్ళకి ఇచ్చేస్తాడు. ఈవన్ రైల్లో టీటీఈ లేడు. చార్టులో మీ పేరుంటే అంతే, మీరు ఎక్కినా ఎక్కకపోయినా ఆ బెర్తు గమ్యం దాకా ఖాళీగా పోవాల్సిందే. పెద్ద పెట్టెల్లోనూ అదే కథ, ఒక ఎస్‌టీఎం-1 అంటే 155 మెగాబిట్లు, అందులో 63 ఈవన్లు పడతాయి, 63 మంది కస్టమర్లకి అమ్మేశాక 64వ వాడొస్తే అందులో చోటు లేదు, లోపల చూస్తే ముప్పావు వంతు గాలి.

ఈథర్నెట్ చేసిందేంటంటే ఆ రైల్లోకి టీటీఈని ఎక్కించింది.

ఇది అలంకారం కోసం అన్న మాట కాదు, నిజంగానే అలాగే పనిచేస్తుంది. 2001లో మొదలైన మెట్రో ఈథర్నెట్ ఫోరం అనే సంస్థ ఈ సర్వీసులకి రూల్స్ రాసింది, అందులో ప్రతీ కస్టమర్‌కీ రెండు అంకెలుంటాయి, ఒకటి ఖచ్చితంగా ఇస్తాం అని మాటిచ్చిన స్పీడు, రెండోది ఖాళీ ఉంటే ఇస్తాం అనే అదనపు స్పీడు. మొదటి దాంట్లో పట్టే ఫ్రేముకి ఆకుపచ్చ, రెండో దాంట్లోకి జారిందానికి పసుపు, రెండూ దాటిందానికి ఎరుపు. కన్ఫర్మ్, ఆర్ఏసీ, వెయిటింగ్ లిస్టు. ఎరుపుని గుమ్మంలోనే ఆపేస్తారు, పసుపుని ఎక్కించుకుంటారు కానీ దారిలో రద్దీ అయితే ముందు దింపేది వాళ్ళనే. ఇప్పుడు లెక్క చూడండి, ఒక గిగాబిట్ పైపు మీద ఒక్కొక్కళ్ళకీ 20 మెగాబిట్ల ఆకుపచ్చా 80 మెగాబిట్ల పసుపూ ఇచ్చి 40 మందికి అమ్మితే, మాటిచ్చింది 800, చూపించింది 4000, ఉన్నది 1000. అందరూ ఒకేసారి వాడరు అనే నమ్మకం మీద నడిచే వ్యాపారం ఇది. ఈవన్లో ఈ వ్యాపారం చెయ్యడం కుదిరే పనే కాదు.

కాబట్టి నా వాదన ఇది: టెలికాం కంపెనీలు ఈథర్నెట్‌కి మారింది ప్రధానంగా పెట్టె చవకని కాదు, ఖాళీని అమ్ముకోవచ్చని. ఈ మాట సేల్స్ బ్రోచర్లో ఉండదు, అక్కడ "ఫ్లెక్సిబిలిటీ" అని ఉంటుంది.

అన్యాయంగా మాట్లాడకూడదు, ఆ ఫ్లెక్సిబిలిటీ కస్టమర్‌కీ నిజంగానే ఉపయోగపడింది. 2007 ప్రాంతంలో ఒక బ్యాంకు బ్రాంచికి 2 నుంచి 4 మెగాబిట్లకి అప్‌గ్రేడ్ చేయడం నాకు బాగా గుర్తు. 2 తర్వాత ఈ నిచ్చెనలో వాడుకలో ఉన్న మెట్టు 34, దాని తర్వాత 155. మీకు 4 కావాలంటే ఇంకో ఈవన్ లాగి రెండూ కట్ట కట్టాలి. అంటే ఇంకో జత రాగి తీగ ఖాళీ ఉందో లేదో ఎక్స్చేంజీలో కనుక్కోవాలి, ఇంకో జత మోడెములు, రౌటర్‌లో రెండో సీరియల్ కార్డు, బొటనవేలంత లావు వీ.35 కేబులు, దాని చివర ఇటుక ముక్కంత 34 పిన్నుల కనెక్టరు. ఒక పిన్ను వంగింది, అది తెలుసుకోడానికే సగం రోజు పోయింది. ఇంకో సైట్లో 75 ఓమ్‌ల కోయాక్స్ ఒక వైపూ 120 ఓమ్‌ల జత తీగ ఒక వైపూ వచ్చి, మధ్యలో పెట్టాల్సిన బేలన్ అనే అగ్గిపెట్టెంత ముక్క కోసం ఊరంతా తిరిగాం. మొత్తం మీద మూడు వారాలు పట్టింది, మేనేజరుగారు ప్రతీ సోమవారం ఫోన్ చేసేవారు. తర్వాత కొన్నేళ్ళకి అదే బ్రాంచికి ఫైబర్ వేసి ఈథర్నెట్ ఇచ్చాం, 10 నుంచి 20 చెయ్యమని మెయిల్ వస్తే నేను కుర్చీలోంచి లేవకుండా ఒక లైను మార్చి ఎంటర్ కొట్టా. ఆయనకి ఫోన్ చేసి "అయిపోయిందండీ" అంటే "ఎవరన్నా వస్తారా?" అన్నారు. ఎవరూ రారండీ, అయిపోయింది. ఆయన నమ్మడానికి కొంచెం టైం పట్టింది.

ఆ ఒక్క లైను మార్పు వెనక కంపెనీకి ఎంత డబ్బు మిగులుతుందో ఆలోచించండి, బండి లేదు, మనిషి లేడు, కార్డు లేదు, కానీ బిల్లు మాత్రం పెరిగింది.

మరి ఇంత బాగుంటే ముందే ఎందుకు మారలేదు అంటారా. ఈథర్నెట్ పుట్టింది 1973లో, జిరాక్స్ వాళ్ళ పాలో ఆల్టో ల్యాబులో, బాబ్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ కలిసి చేశారు, అప్పటి స్పీడు 2.94 మెగాబిట్లు. ఒకే తీగ మీద అందరూ మాట్లాడాలి, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గుద్దుకున్నట్టు తెలుసుకుని ఆగి మళ్ళీ మాట్లాడాలి. ఆ గుద్దుకోడం తీగకి ఈ చివర్నుంచి ఆ చివర దాకా అందరికీ వినపడాలి కాబట్టి తీగ పొడవుకి హద్దు ఉండేది, 10 మెగాబిట్ల రోజుల్లో గట్టిగా లాగితే రెండున్నర కిలోమీటర్లు. ఊరు దాటడానికి పనికొచ్చేది కాదు. స్విచ్చులొచ్చి, పంపే దారీ అందుకునే దారీ వేరయ్యాక, 1997లో ఫుల్ డూప్లెక్స్ స్టాండర్డ్ అయ్యాక గుద్దుకోడమే లేదు. ఇక దూరానికి హద్దు లేజరు బలం మాత్రమే. ఆ తర్వాతి ఏడాదే గిగాబిట్ వచ్చింది. నా దృష్టిలో అసలు తలుపు తెరుచుకుంది అప్పుడే, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఈలోపు టెలిఫోను వాళ్ళ దగ్గర వేరే జవాబుండేది, ఏటీఎం. డబ్బులిచ్చేది కాదు, 53 బైట్ల చిన్న చిన్న డబ్బాల్లో అన్నీ పంపే పద్ధతి, 5 అడ్రసుకి 48 సరుక్కి. ఆ 48 ఎలా వచ్చిందంటే అమెరికా వాళ్ళు 64 కావాలన్నారు, యూరప్ వాళ్ళు 32 చాలన్నారు, మధ్యలో తెంచారు. బేరం చేసి కొన్న చీరలాంటి స్టాండర్డు. 1500 బైట్ల ప్యాకెట్ ఇందులో పోవాలంటే 32 డబ్బాలు కావాలి, అంటే 1696 బైట్లు, దాదాపు 200 బైట్లు దారి ఖర్చు. అదే ప్యాకెట్‌కి ఈథర్నెట్‌లో దారి ఖర్చు, ఫ్రేముల మధ్య వదిలే ఖాళీతో సహా, 38 బైట్లు. పైగా కస్టమర్ గదిలో ఉన్నది ఈథర్నెట్, అవతల ఆఫీసులో ఉన్నదీ ఈథర్నెట్, మధ్యలో మాత్రం మేం దాన్ని ముక్కలు కోసి డబ్బాల్లో పెట్టి అవతల మళ్ళీ అతికించాలి. ఈవన్లనీ ఎస్‌టీఎంలనీ మోసే పాత ఎస్‌డీహెచ్ పెట్టెల్లో అయితే ఒక గిగాబిట్ ఈథర్నెట్ ఎక్కించడానికి మొదట్లో 2.4 గిగాబిట్ల పైపంతా ఇచ్చెయ్యాల్సి వచ్చేది, తర్వాత 150 మెగాబిట్ల గదులు ఏడు కలిపి సర్దే ఉపాయం వచ్చింది. తమాషా ఏంటంటే 2002లో 10 గిగాబిట్ ఈథర్నెట్ స్టాండర్డ్ రాసినప్పుడు ఎస్‌టీఎం-64 పైపులో సరిగ్గా ఇమిడేలా కొంచెం తగ్గించిన స్పీడు ఒకటి వేరుగా పెట్టారు, టెలిఫోను వాళ్ళ మర్యాద కోసం. మార్కెట్టు మాత్రం ఎక్కువగా మామూలు ఆఫీసు రకాన్నే తీసుకుంది.

మొబైల్ టవర్లు ఈ కథని ముగించేశాయి. 2జీ టవర్‌కి ఒక ఈవన్ చాలు. 3జీకి నాలుగైదు కట్ట కట్టారు. 4జీలో 20 మెగాహెర్ట్జ్ మీద రెండు యాంటెన్నాలతో ఒక్క సెక్టారే (టవర్ ఒక దిక్కుకి చూసే భాగం) పీక్‌లో 150 మెగాబిట్లు లాగుతుంది, దానికి ఈవన్లు లెక్కేస్తే 70 పైమాటే, టవర్‌కి అలాంటి సెక్టార్లు మూడు. ఎవడు లాగుతాడండీ అన్ని? 2016 సెప్టెంబరులో జియో 2జీ, 3జీ ఏమీ లేకుండా ఉత్త 4జీతో, మాట కూడా ఐపీ మీదే అంటూ దిగాక ఇక్కడ ఆ చర్చ కూడా ఆగిపోయింది. ఇంటి వైపు చూసినా అంతే. హైదరాబాదులో ఒకప్పుడు అపార్ట్‌మెంట్ల లిఫ్టు రూముల్లో 8 పోర్టుల స్విచ్చులు పెట్టి డాబాల మీదుగా కేబుల్ లాగిచ్చేవాళ్ళు, ఉరిమితే నాలుగు పోర్టులు మాడేవి. ఆ తర్వాత ఆంధ్రాలో కరెంటు స్తంభాల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ఇళ్ళకిచ్చిన జీపాన్ (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్ళకి పంచే పద్ధతి) అయినా, లోపల మోసుకెళ్ళేది ఈథర్నెట్ ఫ్రేములే.

కానీ టవర్‌తో ఒక చిక్కొచ్చింది, అది చెప్పకపోతే గురువుగారి ప్రశ్నకి అన్యాయం చేసినట్టే. ఈవన్ ఉన్నప్పుడు పాలతో పాటు మీగడ వచ్చినట్టు టైము కూడా వచ్చేది, బిట్లు వచ్చే తాళాన్ని బట్టి టవర్ తన ఫ్రీక్వెన్సీ సరిచేసుకునేది. టవర్‌కి వందకోట్లలో 50 పాళ్ళకి మించి తేడా రాకూడదు. మామూలు ఈథర్నెట్ పోర్టులో క్లాకు నడిపే స్ఫటికానికి పదిలక్షల్లో 100 పాళ్ళ తేడా ఉన్నా ఫర్వాలేదు, అంటే 2000 రెట్లు అజాగ్రత్త. ఈవన్ పీకేసి ఈథర్నెట్ పెట్టగానే టైము పోయింది! అందుకని బిట్ల తాళంలోనే ఫ్రీక్వెన్సీ పంపే సింక్‌ఈ అని ఒకటి, ప్యాకెట్లలో టైము పంపే, 2008లో కొత్తగా రాసిన 1588 ప్రోటోకాల్ అని ఇంకోటి తెచ్చి ఈ పెట్టెల్లో కూర్చోబెట్టారు. 2300 మెగాహెర్ట్జ్ లాంటి టీడీడీ బ్యాండులో (పంపడం, అందుకోడం ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా జరిగేది) అయితే ఫ్రీక్వెన్సీ ఒక్కటే చాలదు, టవర్లన్నీ అసలు సమయానికి 1.5 మైక్రోసెకన్ల లోపు ఉండాలి. ప్రోటోకాల్ ఏమో పోయే దారీ వచ్చే దారీ సమానం అనుకుంటుంది, ఎక్కడో స్ప్లైసింగులో, అంటే ఫైబర్ అతికేటప్పుడు, రెండు ఫైబర్ల మధ్య 300 మీటర్లు తేడా పడిందంటే ఆ 1.5లో సగం అక్కడే తినేసినట్టు. జేసీబీ వాడు కోసిన చోట రాత్రికి రాత్రి అతికించినప్పుడు ఇవన్నీ ఎవడు కొలుస్తాడు.

అలారాలూ అంతే. ఈవన్ తెగితే రెండు చివర్లా ఎర్ర లైటు, గదిలోకొచ్చిన ఎవరికైనా కనపడుతుంది. ఈథర్నెట్‌లో కస్టమర్ రౌటర్ చూసేది పక్కనే ఉన్న మీడియా కన్వర్టర్‌ని (ఫైబర్‌ని రాగి తీగకి మార్చే డబ్బా) మాత్రమే, రోడ్డు మీద ఫైబర్ తెగినా ఇక్కడ పచ్చ లైటు టకటకా కొట్టుకుంటూనే ఉంటుంది. ఎన్నిసార్లు "లైటు పచ్చగానే ఉందండీ, మీ వైపే ప్రాబ్లం" అని నేనే కస్టమర్‌తో వాదించి తర్వాత నాలిక్కరుచుకున్నానో. ఈ జబ్బుకి మందుగా ఒక చివర నుంచి ఇంకో చివరకి "ఉన్నావా, ఉన్నావా" అని పలకరించుకునే ప్యాకెట్లు స్టాండర్డులోకి వచ్చాయి, 2007లో. రింగ్ తెగితే 50 మిల్లీసెకన్లలో రెండో దారికి తిప్పే పద్ధతీ వచ్చింది. ఆ 50 ఎక్కడిదనుకున్నారు, పాత ఎస్‌డీహెచ్ వాళ్ళదే.

ఇక టీటీఈ వల్ల వచ్చే తిప్పలు. ఒక కస్టమర్‌కి 10 మెగాబిట్లు ఇచ్చాం, పోర్టు మాత్రం 100ది. మా టెస్టరు పెడితే పదికి పది చూపిస్తోంది, వాళ్ళు ఫైలు పంపితే నాలుగు దాటట్లేదు. పదకొండు రోజులు మెయిళ్ళు నడిచాయి, వాళ్ళ ఐటీ ఆయన చివరికి "మీరు అమ్మింది పది, వచ్చింది నాలుగు, మిగతా ఆరు ఎవరు తింటున్నారు సార్" అని రాశాడు. తినేది ఎవరంటే, వాళ్ళ రౌటర్‌కి మేం గీసిన గీత తెలీదు, 100 స్పీడుతో ఒక గుంపుని తోసేసి కాసేపు ఆగుతుంది, సగటు తీస్తే పదిలోపే. మా వైపు టీటీఈ ఒకేసారి ఎనిమిది ఫ్రేముల గుంపుని మాత్రమే ఒప్పుకునేలా సెట్టింగ్ ఉంది, తొమ్మిదో వాణ్ణి దింపేస్తున్నాడు. ఫ్రేము పోగానే, కంప్యూటర్లలో ఫైలు పంపే వేగాన్ని సర్దే టీసీపీ భయపడి స్పీడు సగానికి తగ్గిస్తుంది, మళ్ళీ మెల్లగా పెంచుతుంది, మళ్ళీ పోతుంది. టెస్టరు ఏమో క్రమశిక్షణగా ఒక్కొక్కటే పంపుతుంది కాబట్టి దానికేం కాదు. వాళ్ళ రౌటర్‌లోనే పదికి షేపింగ్ (గుంపుగా తొయ్యకుండా నిదానంగా పంపడం) పెట్టించి, మా వైపు గుంపు సైజు పెంచాక తొమ్మిదిన్నర వచ్చింది. ఈవన్ రోజుల్లో ఈ గొడవ ఎప్పుడూ వినలేదు, బండిలో 32 సీట్లుంటే 33వ వాడు బయటే తన వంతు కోసం నిలబడేవాడు, ఎవడూ దింపేవాడు లేడు.

ఎవరైనా లింకు కొనేముందు నన్ను అడిగితే ఒక్కటే చెప్తా, "స్పీడెంత" అని అడక్కండి, ఆకుపచ్చ ఎంత, పసుపు ఎంత, గుంపు సైజు ఎంత అని అడగండి. సేల్స్ కుర్రాడు రెండు రోజులు టైం అడిగితే మంచి ప్రశ్న అడిగినట్టు.

గురువుగారు రిటైరయ్యే ముందు చేసిన ఆఖరి పనుల్లో ఒకటి ఒక సబ్‌స్టేషన్ లింకు. హైటెన్షన్ లైనుకి రెండు చివర్లా ఉండే ప్రొటెక్షన్ రిలేలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి వాళ్ళకి ఈవనే కావాలి, పోయే టైమూ వచ్చే టైమూ ఒకేలా ఉండాలి, ఈ ఆకుపచ్చ పసుపు కబుర్లు వాళ్ళకి చెప్తే వినరు. మా దగ్గరేమో ఈవన్ నెట్‌వర్క్ పీకేశాం. చివరికి రెండు వైపులా చిన్న పెట్టెలు పెట్టి, ఈవన్ బిట్లని ఉన్నదున్నట్టు ప్యాకెట్లలో చుట్టి, ఈథర్నెట్ మీద, పూర్తి ఆకుపచ్చలో పంపాం. రాత్రంతా ఖాళీ బండ్లు పోయినా సరే ఎవర్నీ ఎక్కించకుండా. టెస్టింగ్ రోజు ఆయన అక్కడ ఫ్రేమ్ ముందు నిలబడి నాకు ఫోన్ చేశారు.

"బాబూ, ఇక్కడ లూప్ ఇవ్వచ్చా?"

ఇవ్వండి గురువుగారూ అన్నా. ఇచ్చారు. గంటసేపు టెస్టరు పెట్టాం, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.